పాత మియాటాను బాగుచేయాలా, కొత్తది కొనాలా? మలుపుల్లో పట్టు కోసం సమగ్ర మార్గదర్శి

ఇరవై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు మలుపులో తూలుతోందంటే చాలాసార్లు పాతబడింది దాని రూపకల్పన కాదు, దాని రబ్బరు. ఈ సంగతి గ్రహించక డబ్బు తగలేసుకునేవాళ్లు రెండు రకాలు. ఒకరు ఖరీదైన కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జతలు) తెప్పించి, ప్రాణం పోయిన బుష్‌ల (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగుల) మధ్య బిగిస్తారు, సడలిన నులక మంచం మీద కొత్త పరుపు వేసినట్టు. మరొకరు షోరూముకు వెళ్లి కొత్త కారు ఒక చుట్టు నడిపి, ఆ బిగువుకు ముచ్చటపడి, పాతదాన్ని అయినకాడికి అమ్మేస్తారు. అరిగిన కారును అరగని కారుతో పోల్చితే ఏది గెలుస్తుందో చెప్పడానికి టెస్ట్ డ్రైవ్ అక్కర్లేదు.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది మాజ్డా ఎంఎక్స్-5 మియాటా. డెట్రాయిట్ శివార్లలోనో డాలస్ చుట్టుపక్కలో స్థిరపడిన తెలుగువాళ్లలో కార్ల పిచ్చి ఉన్నవారు రెండో కారుగా కొనాలనుకునే వాటిలో ఇదీ ఒకటి. రెండే సీట్లు, వెనుక చక్రాలకు శక్తి, తక్కువ బరువు, విడిభాగాలకు కొరత లేదు. పైగా మన ప్రశ్నకు ఇంతకన్నా సరైన ఉదాహరణ దొరకదు. 1989లో షికాగో ఆటో షోలో కనిపించినప్పటి నుంచి ఇప్పటిదాకా నాలుగు తరాలు వచ్చాయి, ఒక్కోదానికి ఒక్కో సంకేత నామం. ఎన్ఏ 1997 దాకా, ఎన్‌బీ 2005 దాకా, ఎన్‌సీ 2015 దాకా, ఆ తర్వాత ఎన్‌డీ. నాలుగూ ఒకే ఆలోచనకు పుట్టినవి. మీ దగ్గర ఎన్‌బీ ఉందనుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఎన్ఏకు కూడా దాదాపు అంతా వర్తిస్తుంది.

ముందే ఒక లెక్క చూడండి. ఎన్‌బీ బరువు 1,050 నుంచి 1,090 కిలోల మధ్య. ఎన్‌డీ కూడా అంతే, సుమారు 1,060. ఎన్‌బీకి నాలుగు చక్రాల దగ్గరా డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకునే) సస్పెన్షన్ ఉంది. ఎన్‌డీకి ముందు డబుల్ విష్‌బోన్, వెనుక మల్టీలింక్ (పలు కడ్డీలు పట్టుకునేది). ఇంజను శక్తి ఎన్‌బీలో 140 హార్స్‌పవర్ దగ్గర ఉంటే, ఎన్‌డీలో మొదట 155, 2019 మోడల్ నుంచి 181. అంటే వేగం అందుకోవడంలో కొత్తది స్పష్టంగా ముందుంది. మలుపు తిరగడంలో మాత్రం పాతదానికి పుట్టుకతో వచ్చిన లోటేమీ లేదు.

మొదటి అడుగు: పానా పట్టుకునే ముందు తుప్పు చూడండి

సస్పెన్షన్ గురించి ఆలోచించే ముందు, ఆ సస్పెన్షన్‌ను పట్టుకుని ఉన్న ఇనుము సంగతి తేల్చుకోవాలి. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి చోట్ల శీతకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. టెక్సస్, కాలిఫోర్నియా కార్లకు ఆ బెడద తక్కువ. అయినా చూడకుండా వదలకండి.

మియాటాలో తుప్పు మొదలయ్యే చోటు అందరికీ తెలిసిందే: తలుపు వెనుక, వెనుక చక్రానికి కాస్త ముందు ఉండే సిల్ (తలుపు కిందుగా సాగే ఇనుప అంచు) భాగం. గుడ్డ పైకప్పు మీద పడిన వాన నీరు సీట్ల వెనుక ఉన్న రెండు గొట్టాల గుండా కిందికి దిగి, వెనుక చక్రాల ముందు నేల మీద పడాలి. ఆకులూ మట్టీ చేరి గొట్టం పూడుకుపోతే ఆ నీరు సిల్ లోపల నిలిచిపోతుంది. పైకప్పు మడతపడే చోట చిన్న సీసాతో నీళ్లు పోసి, కారు కింద చూడండి. ధార సన్నగానైనా వెంటనే రావాలి. చుక్కచుక్కగా వస్తే గొట్టం శుభ్రం చేయాలి. అసలు రాకపోతే ఆ నీరంతా ఎక్కడికి పోతోందో ఊహించుకోండి.

తర్వాత కారును ఎత్తించి ముందువైపు చాసిస్ రైళ్లను (కారును మోసే పొడవాటి ఇనుప దూలాలను) స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గణగణమంటే మంచిది. మొద్దు శబ్దం వచ్చినా, పెచ్చులు రాలినా అనుమానించండి. ఎన్‌బీలో ఈ ముందు భాగం లోపలి నుంచి పుచ్చిపోవడం కొత్త విషయం కాదు. ఇక నేల కింద పొడవునా సాగే రైళ్లు నలిగి ఉంటే కంగారు పడకండి. ఎవరో జాకీని తప్పు చోట పెట్టారని మాత్రమే దాని అర్థం, చాలా కార్లకు ఆ గుర్తు ఉంటుంది.

సస్పెన్షన్ బిగించే చోట్ల, సిల్‌లో, ముందు రైళ్లలో తుప్పు లోతుగా ఉంటే మిగతా అడుగులు చదవనక్కర్లేదు. వెల్డింగ్‌కు పెట్టే డబ్బుతో తుప్పు లేని మరో ఎన్‌బీ వస్తుంది. లేదా ఎన్‌డీ కొనడానికి అది మొదటి వాయిదా అవుతుంది.

రెండో అడుగు: టైర్లు

టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. వారాంతాల్లో మాత్రమే తిరిగే కార్లలో గాడి లోతు చూస్తే టైరు కొత్తదిలా ఉంటుంది, తేదీ చూస్తే పదేళ్లు దాటి ఉంటుంది. గోరుతో నొక్కితే దిగని రబ్బరు రోడ్డును కూడా పట్టుకోదు. ఆరేళ్లు దాటిన టైర్ల మీద కారు మలుపుల తీరును అంచనా వేయడం దండగ.

ఎన్‌బీకి మోడల్‌ను బట్టి ఎక్కువగా 14, 15, 16 అంగుళాల చక్రాలు వచ్చాయి. నా ఓటు 15కే. తేలికపాటి 15 అంగుళాల చక్రం మీద 195/50 లేదా 205/50 టైరు ఈ కారుకు అతికినట్టు సరిపోతుంది. అందం కోసం 17కు వెళ్తే బరువు పెరుగుతుంది, గుంతల్లో దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది, లాభం మాత్రం కనిపించదు. రోడ్డు మీద ఎక్కువగా, ఆటోక్రాస్‌కు అప్పుడప్పుడు వెళ్లేవారికి మంచి వేసవి టైరు చాలు. పార్కింగ్ మైదానాల్లో కోన్‌ల మధ్య నడిపే ఆటోక్రాస్ మీద గట్టిగా మనసున్నవారు ట్రెడ్‌వేర్ (అరుగుదల కొలత) 200 అంకె ఉన్న టైర్ల వైపు చూస్తారు. అవి వేడెక్కాక అంటుకుపోతాయి. చలిలోనూ నిలిచిన నీటిలోనూ మాత్రం నమ్మదగినవి కావు.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ కారుకు మాజ్డా చెప్పినది 26 పీఎస్ఐ. టైరు దుకాణంలో అలవాటు కొద్దీ 35 కొట్టి పంపుతారు. తేలికైన కారులో అంత గాలి ఉంటే టైరు నడిమి భాగమే రోడ్డును తాకుతుంది, స్టీరింగ్ బెదురుబెదురుగా ఉంటుంది. 26 దగ్గర మొదలుపెట్టి, రెండేసి పెంచుతూ మీకు నచ్చినచోట ఆగండి.

చక్రాల నట్లను 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య టార్క్ రెంచితో బిగించాలి. గాలి తుపాకీతో బిగించి పంపారంటే ఇంటికొచ్చి వదులు చేసి మళ్లీ బిగించుకోండి.

మూడో అడుగు: ఏది అరిగిందో కళ్లతో, చేతులతో చూడండి

బానెట్ మూల మీద చేతులుంచి ఊపి, కారు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పాత పద్ధతి ఉంది. పూర్తిగా చచ్చిన షాక్ అబ్జార్బర్ ఆ పరీక్షలో దొరుకుతుంది. సగం చచ్చినది తప్పించుకుంటుంది. కాబట్టి నాలుగు జాకీ స్టాండ్ల మీద కారునెత్తి తీరిగ్గా చూడాలి.

చక్రాన్ని గడియారంలో 12, 6 స్థానాల దగ్గర పట్టుకుని ఊపండి. కటకటలాడితే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ. 3, 9 దగ్గర పట్టుకుని ఊపితే స్టీరింగ్ టై రాడ్ చివర్ల సంగతి తెలుస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌కూ, అది బిగిసే చట్రమైన సబ్‌ఫ్రేముకూ మధ్య గునపం లాంటి పొడవాటి ప్రై బార్ పెట్టి మెల్లగా తిప్పండి. బుష్‌లోని రబ్బరు కాస్త సాగి వెనక్కి రావాలి. ఇనుప గొట్టం నుంచి రబ్బరు విడిపోయి సందు కనబడితే దాని పని అయిపోయింది.

ఇక అసలైన చోటు: షాక్ అబ్జార్బర్ కడ్డీ చుట్టూ ఉండే దుమ్ము తొడుగును పైకి జరపండి. లోపల బంప్ స్టాప్ అనే స్పాంజి లాంటి దిమ్మె ఉంటుంది. ఇరవై ఏళ్ల కారులో అది తాకితే చాలు పసుపు పొడిగా రాలిపోతుంది, లేదా అక్కడ ఏమీ మిగిలి ఉండదు. చూడటానికి అల్పమైన భాగం. కానీ మియాటా సస్పెన్షన్‌కు కదలిక తక్కువ కాబట్టి, మలుపులో ఒరిగినప్పుడు ఈ దిమ్మె మీద ఆనుకునేలాగే దాన్ని రూపొందించారు. అది పొడి అయిపోతే మలుపు మధ్యలో గుంత తగలగానే ఇనుము ఇనుమును కొడుతుంది. ఆ క్షణంలో ఆ చక్రానికి సస్పెన్షనే లేనట్టు, పట్టు ఒక్కసారిగా జారిపోతుంది. 'పాత కారు కదా, గుంతల్లో ఎగురుతుంది' అని యజమానులు సర్దుకుపోయే జబ్బుకు చాలాసార్లు మూలం ఇదే. సమస్య పదేళ్లు మీతో తిరుగుతూ ఉంటుంది, మందు వందో రెండు వందలో డాలర్లు.

నాలుగో అడుగు: బుష్‌లు

రబ్బరు, పాలీయురెథేన్, డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) అని మూడు దారులున్నాయి. పోటీలకు మాత్రమే వాడే కారయితే డెల్రిన్. రోడ్డు మీద నడిచే కారుకు కొత్త ఒరిజినల్ రబ్బరే మంచిదని నేనంటాను. పాలీయురెథేన్ గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ కీలుకు తగిన గ్రీజు వేస్తూ ఉండకపోతే కీచుమంటుంది, బిగుసుకుంటుంది. అది కదిలే తీరు, కంట్రోల్ ఆర్మ్ కదలాల్సిన తీరు అన్నిచోట్లా కలవవు కూడా. రబ్బరు ఇరవై ఏళ్లు నోరెత్తకుండా పనిచేసింది, కొత్తది ఇంకో ఇరవై ఏళ్లు చేస్తుంది.

ఇక్కడ ఒక్క విషయం ప్రాణం లాంటిది. బుష్‌లు ఎక్కించాక, కారు గాలిలో వేలాడుతుండగా బోల్టులను పూర్తిగా బిగించకూడదు. రబ్బరు బుష్‌లో లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది, మధ్య రబ్బరు మెలికపడుతుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీద దిగగానే ఆ రబ్బరు పూర్తి మెలికలో ఉండిపోతుంది. కారు ఒక అంగుళం ఎత్తుగా నిలబడుతుంది, నడక బిరుసుగా ఉంటుంది, రెండేళ్లలో రబ్బరు చిరిగిపోతుంది. బోల్టులు వేలితో తిరిగేంత వదులుగా ఉంచి, కారును ర్యాంపుల మీదకు దించి, సస్పెన్షన్ మీద కారు బరువంతా పడ్డాక బిగించాలి. మెకానిక్‌కు ఇస్తున్నట్టయితే ఈ ప్రశ్న ముందే అడగండి. ఆయన జవాబును బట్టి కారు అక్కడ వదలాలో వద్దో తెలిసిపోతుంది.

ఐదో అడుగు: షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేదీ, సరిగా పెడితే ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇక్కడే. స్ప్రింగు కారు బరువును మోస్తుంది. షాక్ అబ్జార్బర్ ఆ స్ప్రింగు ఊపును అదుపు చేస్తుంది. స్ప్రింగును గట్టిపరిచి షాక్‌ను పాతదే ఉంచితే, ఊపు ఎక్కువై అదుపు తక్కువవుతుంది. అందుకే 'లోయరింగ్ స్ప్రింగులు' మాత్రమే కొని వేయడం అన్నిటికన్నా చెత్త ఎంపిక. కారు అందంగా కిందికి దిగుతుంది, ఉన్న కాస్త కదలికా పోతుంది, ప్రతి మలుపులోనూ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది.

మూడు రకాల వాళ్లకు మూడు మాటలు. కారు కొత్తలో ఎలా ఉండేదో అలా కావాలంటే ఒరిజినల్ స్ప్రింగులు ఉంచి, బిల్‌స్టైన్ వంటి మంచి షాక్‌లు, కొత్త బంప్ స్టాప్‌లు, కొత్త పై మౌంట్లు వేయండి. కాస్త బిగువు కావాలంటే కోనీ వంటి సర్దుబాటు షాక్‌లకు ఓ మోస్తరు గట్టి స్ప్రింగులు జత చేయండి. వాటి పైన ఉండే మీటను తిప్పి అదుపును పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ట్రాక్ మీదకు తరచుగా వెళ్లేవారికి మంచి కాయిలోవర్లు. మంచివి 1,500 డాలర్ల నుంచి మొదలై 3,000 దాకా పోతాయి. ఐదారు వందల డాలర్లకు వచ్చే రంగురంగుల కాయిలోవర్లలో '32 స్థాయిల సర్దుబాటు' ఉంటుంది. ఏ స్థాయిలో పెట్టినా నడుము నొప్పి ఒకటే.

ఎత్తు విషయంలో పిసినారిగా ఉండండి. ఒరిజినల్ ఎత్తు నుంచి ఒక అంగుళం, మహా అయితే ఇంకో పావు. అంతకు మించి దించితే కంట్రోల్ ఆర్మ్‌ల కోణాలు చెడి, కారు ఒరగడం తగ్గకపోగా పెరగవచ్చు.

పని మీరే చేసుకుంటుంటే రెండు జాగ్రత్తలు. స్ప్రింగు ఒత్తిడిలో ఉండగా షాక్ పైనున్న నడిమి నట్టును ఎప్పుడూ విప్పకండి. పళ్లు రాలడం అనే మాట అక్షరాలా నిజమవుతుంది. షాక్, స్ప్రింగు జతను మొత్తంగా బయటికి తీశాకే, స్ప్రింగ్ కంప్రెసర్ బిగించి, అప్పుడు విప్పాలి. రెండోది, ముందు షాక్ బయటికి రావాలంటే పై ఆర్మ్ పొడవాటి బోల్టు లాగడం సులువైన దారి. వెనుక షాక్‌ల పై నట్లు డిక్కీ లోపల ఉంటాయి. ఉప్పు రాష్ట్రాల కారయితే ముందు రోజు రాత్రే అన్ని బోల్టులకూ తుప్పు వదిలించే నూనె కొట్టి పడుకోండి.

ఆరో అడుగు: అలైన్‌మెంట్

కొత్త భాగాలన్నీ వేసి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించకపోతే పెట్టిన డబ్బు సగం గాలికి పోయినట్టే. మియాటాకు నాలుగు చక్రాల దగ్గరా క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు ఒరిగిన కోణం), టో (పై నుంచి చూస్తే చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం) మార్చుకునే వీలుంది. ఇంత ధర కార్లలో అది అరుదైన సౌకర్యం. కింది ఆర్మ్‌లకు ఒక్కోదానికి రెండు చొప్పున మొత్తం 8 క్యామ్ బోల్టులు ఉంటాయి. వాటిని తిప్పితే ఆర్మ్ లోపలికీ బయటికీ జరుగుతుంది.

సమస్యల్లా ఆ బోల్టు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అంటుకుపోవడమే. నట్టు కదులుతుంది, బోల్టు కదలదు. అలైన్‌మెంట్ దుకాణంలో కుర్రవాడు ఒకసారి ప్రయత్నించి 'అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి' అని కాగితం చేతిలో పెడతాడు. కాగితం మీద ముందు, తర్వాత అంకెలు ఒకేలా ఉంటే జరిగింది అదే. అందుకే ముందుగా ఇంట్లో 8 బోల్టులూ తిరుగుతున్నాయో లేదో చూసుకుని, అంటుకున్నవి ఉంటే బుష్‌లు మార్చేటప్పుడే కోసి కొత్తవి వేయండి. ఎక్కించేటప్పుడు తుప్పు పట్టనివ్వని యాంటీసీజ్ పూయండి.

దుకాణానికి తీసుకెళ్లాల్సిన అంకెలు, రోడ్డుకూ అడపాదడపా ఆటోక్రాస్‌కూ సరిపోయేవి: ముందు క్యాంబర్ మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీలు, వెనుక మైనస్ 1.5 నుంచి మైనస్ 2, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) 4.5 నుంచి 5, ముందు టో సున్నా, వెనుక రెండు చక్రాలకూ కలిపి 1.5 మిల్లీమీటర్ల టో ఇన్. వెనుక టో బయటికి ఉంటే తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ వదలగానే కారు తిరిగిపోతుంది. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు. డ్రైవర్ సీట్లో మీ బరువు ఉండగా కొలవమనండి. వెయ్యి కిలోల కారులో 75 కిలోల మనిషి లెక్కలోకి వస్తాడు.

ఖర్చు 150, 200 డాలర్లు. టైర్ల తర్వాత డాలరుకు ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకోటి లేదు.

ఏడో అడుగు: మిగతావి, క్లుప్తంగా

ముందు యాంటీ రోల్ బార్ (ఒరుగుడును తగ్గించేందుకు ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ) లావుది వేస్తే ఒరుగుడు తగ్గుతుంది. ముందు మాత్రమే వేసి చూడండి, వెనుకదానికి తొందరపడకండి. నేల కింద రైళ్లను బలపరిచే బ్రేసులు పైకప్పు లేని కారులో వచ్చే వణుకును కొంత తగ్గిస్తాయి. రోల్ బార్ (కారు బోల్తాపడితే తలను కాపాడే ఇనుప చట్రం) ట్రాక్‌కు వెళ్లేవారికి తప్పనిసరి. రోడ్డు మీద మాత్రం తలకు తగిలే దూరంలో ఉంటే మెత్తటి దిండు తొడగాలి, హెల్మెట్ లేని తలకు ఇనుము స్నేహితుడు కాదు. బ్రేకుల్లో కొత్త ద్రవం, మంచి ప్యాడ్లు చాలు. టర్బో గురించి అడగకండి, అది వేరే ఊరికి వెళ్లే దారి.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు వెళ్లి ఎన్‌డీ నడపండి

ముందు కాదు, ఇప్పుడే. వీలైతే మీకు బాగా తెలిసిన రోడ్డు మీద, రెండు కార్లూ ఒకే పూట. మూడు విషయాలు గమనించండి. మలుపు మధ్యలో గుంత తగిలినప్పుడు కారు పక్కకు జరుగుతోందా, దారి పట్టుకునే ఉందా? మలుపులో యాక్సిలరేటర్ కాస్త వదిలితే ముక్కు మెల్లగా లోపలికి తిరుగుతోందా, వెనుక భాగం ఉలిక్కిపడుతోందా? నేరుగా గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతిలో లాగుతోందా?

చాలామందికి ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, షోరూము నుంచి వచ్చిన ఎన్‌డీ మలుపులో బాగానే ఒరుగుతుంది. మాజ్డా కావాలనే అలా మెత్తగా వదిలింది. 2022 మోడల్ నుంచి కేపీసీ (కైనమాటిక్ పోశ్చర్ కంట్రోల్) అనే ఏర్పాటు చేర్చారు. మలుపులో లోపలివైపు వెనుక చక్రానికి అతి స్వల్పంగా బ్రేకు వేసి, కారు వెనుక భాగం పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది. బిల్‌స్టైన్ షాక్‌లు, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనుక చక్రం జారినా రెండోదానికి శక్తి అందేలా చూసేది) కావాలంటే మాన్యువల్ గేరు ఉన్న క్లబ్ ట్రిమ్ (కారు రకం) చూడాలి, అన్నిటికన్నా చవకైన స్పోర్ట్ ట్రిమ్‌లో అవి రావు. స్టీరింగ్‌కు విద్యుత్ సాయం ఉంటుంది. 2024 మోడల్‌లో స్టీరింగ్ ర్యాక్‌ను మార్చి లోపలి రాపిడిని తగ్గించారు, దాంతో మెరుగుపడింది. అయినా ఎన్‌బీ హైడ్రాలిక్ స్టీరింగ్‌లో రోడ్డు గరుకు అరచేతికి తెలిసినంతగా ఎన్‌డీలో తెలియదు.

ఎన్‌డీ తిరుగులేకుండా గెలిచేది ఇంకోచోట. బాడీ గట్టిదనం, స్థిరత్వాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, పక్క ఎయిర్‌బ్యాగులు. ఎన్‌బీలో రెండే ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ కూడా అన్ని కార్లకూ లేదు. ఎన్ని వేల డాలర్లు పెట్టినా ఈ మూడింటినీ పాత కారుకు తగిలించలేరు. రోజూ ఫ్రీవే మీద పికప్ ట్రక్కుల మధ్య ఆఫీసుకు వెళ్లేది ఈ కారులోనే అయితే నా సలహా ఒకటే: ఎన్‌డీ కొనండి. సస్పెన్షన్ చర్చ అక్కడితో ముగిసింది.

తొమ్మిదో అడుగు: లెక్క

అంకెలు ఉజ్జాయింపువి, రాష్ట్రాన్ని బట్టి మారతాయి. పాత కారుకు టైర్లు 500 నుంచి 800 డాలర్లు, బుష్‌లు, జాయింట్లు 700 నుంచి 1,000, షాక్‌లు, మౌంట్లు, బంప్ స్టాప్‌లు 900 నుంచి 1,200, అలైన్‌మెంట్ 200. మొత్తం 2,300 నుంచి 3,200 దాకా. పని బయట చేయిస్తే కూలీ కలిపి రెట్టింపు అవుతుందనుకోండి. కొత్త ఎన్‌డీ సుమారు 30 వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది. కొన్నేళ్లు నడిచినది 20 వేల చుట్టుపక్కల. దాని మీద అమ్మకపు పన్ను, పెరిగే బీమా. పాతదాన్ని అమ్మితే ఎంత వస్తుందో తీసేసి చూడండి. మధ్యలో కనీసం పదివేల డాలర్ల తేడా కనిపిస్తుంది.

అందుకే నా హద్దు ఇది: అరిగినవి మార్చడానికి అయ్యే ఖర్చును లెక్కచేయకండి, ఎందుకంటే అది ఎలాగూ చేయాల్సిన మరమ్మతు. దాని పైన 'మెరుగుదల' పేరుతో పెట్టేది కారు అమ్మకపు ధరలో సగం దాటుతుంటే ఆగి, రెండో కారు వైపు చూడండి. మెరుగుదలకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. బాగుచేసిన పాత కారుకు బీమా తీసుకునేటప్పుడు, ప్రమాదం జరిగితే ఎంత ఇస్తారో ముందే రాసి ఒప్పుకునే రకం పాలసీ అడగండి. మామూలు పాలసీలో మీ 3,000 డాలర్ల పనికి విలువ సున్నా.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుతున్నవారికి ఒక మాట. మాజ్డా భారత్‌లో కార్లు అమ్మదు. పాత కార్ల దిగుమతికి కఠినమైన ఆంక్షలున్నాయి. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. అయితే అరిగిన బుష్, షాక్, టైరు స్థానంలో అదే నిర్దేశపు కొత్తది వేయడం మరమ్మతే. మీ దగ్గరున్న పాత కారు ఏదైనా సరే, రెండు నుంచి నాలుగో అడుగు దాకా ఉన్నది, ఐదో అడుగులోని మొదటి ఎంపిక, ఆరో అడుగులోని అలైన్‌మెంట్ పద్ధతి, మీ కారు అంకెలతో నిశ్చింతగా వాడుకోండి.

పదో అడుగు: నిర్ణయం తర్వాత

పాతదాన్నే ఉంచుకుంటే, తీసిన ఒరిజినల్ భాగాలు పారేయకండి. ఈ కార్లకు ఒరిజినల్‌గా ఉండటమే విలువ అవుతోంది. మాజ్డాయే 2017లో జపాన్‌లో ఎన్ఏ కార్ల పునరుద్ధరణ కార్యక్రమం ప్రకటించి, ఆగిపోయిన విడిభాగాలను మళ్లీ తయారుచేయించింది. ఏటా ఒకసారి వసంతంలో కారునెత్తి మూడో అడుగు మళ్లీ చేయండి.

ఎన్‌డీ వైపు మొగ్గితే, పాత తరహా చేతిపని ఇష్టమున్నవారు 2019 తర్వాతి మాన్యువల్ వెతకండి. శక్తి పెరిగింది, స్టీరింగ్ చక్రం ముందుకూ వెనక్కూ జరిగే వీలు కూడా ఆ ఏడాదే వచ్చింది. తొలి ఏళ్ల ఎన్‌డీ చూస్తుంటే మాన్యువల్ గేర్‌బాక్స్ చరిత్ర అడగండి. మొదటి విడతల గేర్‌బాక్స్‌లు కొన్ని చెడిపోయాయి, మాజ్డా తర్వాత దాన్ని మార్చింది. రెండో గేరులోకి వేసేటప్పుడు గరగరమంటే ఇంకో కారు చూసుకోండి. ఉత్తరాది రాష్ట్రాల్లో పైకప్పు తీసే కార్ల ధరలు అక్టోబరు, నవంబరులో దిగుతాయి. కొనేవాళ్లు అప్పుడు వెళ్లాలి. పాతదాన్ని అమ్మేవాళ్లు మాత్రం ఏప్రిల్ దాకా ఆగి, అలైన్‌మెంట్ కాగితమూ టైర్ల రసీదూ చేతిలో పెట్టుకుని అమ్మాలి.